ఎనిమిదేళ్లకే పళ్ల ట్రీట్మెంట్ అవసరమా? మా బాబు ఎక్స్‌పాండర్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా అండి, చదివే టైమ్ లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. అంగిలి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్‌కి అయిదుకి అయిదు. మాకు అది వేసిన క్లినిక్‌కి నాలుగు. దానికి ముందు వెళ్లిన పెద్ద క్లినిక్‌కి ఒకటి, అది కూడా రిసెప్షన్‌లో పిల్లలకి బొమ్మలు పెట్టారని. పేర్లు రాయట్లేదు, మీరుండే ఊళ్లో డాక్టర్ ఎలాగూ వేరే ఉంటారు, మీకు పనికొచ్చేది ట్రీట్మెంట్ సంగతి గానీ మా కూకట్‌పల్లి క్లినిక్ అడ్రస్ ఏం చేసుకుంటారు.

మా బాబుకి ఎనిమిదేళ్లు. నవ్వితే పళ్లు బానే ఉంటాయి, ఎత్తు పళ్లు కాదు, మరీ వంకర కూడా లేవు. కానీ నోరు మూసేటప్పుడు కింది దవడ చిన్నగా కుడిపక్కకి జరుగుతుంది. ఫోటోల్లో గడ్డం ఓ పక్కకి ఉన్నట్టుండేది, మా అత్తయ్య వాళ్ల తాతగారి పోలిక అని మురిసిపోయేవారు, మేమూ సరే అనుకున్నాం. స్కూల్లో డెంటల్ క్యాంప్ పెట్టి ఇంటికి పంపిన చీటీలో క్రాస్‌బైట్ అని రాసి, ఆర్థోడాంటిస్ట్‌కి (పళ్లు, దవడలు సరిచేసే డాక్టర్) చూపించండి అన్నారు, అలా మొదలైంది.

క్రాస్‌బైట్ అంటే ఏంటో నాకర్థమైనట్టు చెప్తా. మామూలుగా డబ్బాకి మూత ఎలా కూర్చుంటుందో అలా పై పళ్లు కింది పళ్లకి కాస్త బయటికి ఉండాలి. మావాడికి పై దవడ ఇరుకు, అందుకని వెనక దవడపళ్లు కింది వాటికి లోపలి వైపు పడుతున్నాయి. తమాషా ఏంటంటే ఇరుకు రెండు వైపులా ఉంది, కానీ నోరు మూసినప్పుడు పళ్ల మొనలు మొనలు తగిలి ఇబ్బందిగా ఉంటుంది కదా, పిల్లాడు తనకి తెలియకుండానే దవడని ఓ పక్కకి నెట్టి కొరకడం అలవాటు చేసుకున్నాడు, అందుకే చూసేవాళ్లకి ఒక్క పక్కే తేడా కనపడుతుంది. ఎదిగే వయసులో ఏళ్ల తరబడి అలా పక్కకి కొరుకుతూ ఉంటే దవడ ఆ వంకరలోనే ఎదుగుతుందట. అప్పుడు సమస్య పళ్లది కాదు, ఎముకది అవుతుంది.

మొదట వెళ్లిన పెద్ద క్లినిక్ సంగతి త్వరగా ముగిస్తా. డాక్టర్ గారు చూసింది రెండు నిమిషాలు, తర్వాత ఒక అమ్మాయి వచ్చి వేరే గదిలో కూర్చోబెట్టి ట్యాబ్‌లో మావాడి నవ్వు పదిహేనేళ్లకి ఎలా ఉంటుందో చూపించింది. పిల్లల అలైనర్లు (పళ్లని జరిపే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు), తర్వాత పెద్దయ్యాక మళ్లీ అలైనర్లు, రెండూ కలిపి ప్యాకేజీ, ఈఎంఐ ఉంది, ఈరోజే కడితే డిస్కౌంట్. పక్కనే కూర్చున్న మా పాపని కూడా చూసి, ఏడేళ్ల పిల్ల, "మేడమ్, పాపకి కూడా ముందుపళ్ల మధ్య గ్యాప్ ఉంది, ఇద్దరికీ కలిపి ఇంకా తగ్గిస్తాం" అంది. చీరల షాపులో కూడా రెండోది తీసుకోమని ఇంత గట్టిగా అడగరు. ఇప్పుడు చేయించకపోతే రేపు ఆపరేషన్ పడుతుంది అని కూడా అన్నారు, అది విన్నాక మా వారు కార్డు తీయబోయారు, నేనే ఆలోచించుకుని చెప్తాం అని లేచా. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, బాబుకి ఇప్పుడే ట్రీట్మెంట్ కావాలి అన్నది నిజమే. కానీ దాంతోపాటు అవసరం లేనివి కూడా అదే భయంతో కలిపి అమ్మేస్తుంటే ఏది నిజమో మనకెలా తెలుస్తుంది?

రెండో క్లినిక్ చిన్నది, మెట్లెక్కి వెళ్లాలి, లిఫ్ట్ లేదు. డాక్టర్ మేడమ్ ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్, అంటే బీడీఎస్ అయ్యాక ఇంకో మూడేళ్లు ఈ పళ్లు దవడలు సరిచేసే సబ్జెక్టే చదివినవాళ్లు. ఆవిడ చేసిన మొదటి పని, బాబుని కుర్చీలో పడుకోబెట్టకుండా నిలబెట్టి మాట్లాడించారు. నోరు తెరిచి మూయి, మళ్లీ తెరువు, నాలుక వెనక్కి మడిచి మూయి, ఇలా. దవడ ఎక్కడ తగిలి ఎటు జరుగుతుందో మాకు అద్దంలో చూపించారు. తర్వాత రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటాడా, గురక ఉందా, వేలు చప్పరించేవాడా, ఎన్నేళ్ల దాకా, అని వరసగా అడిగారు. వేలు లేదు గానీ నోటితో గాలి పీల్చడం ఉంది, ఎప్పుడూ ముక్కు దిబ్బడే. అయితే ముందు ఈఎన్‌టీకి చూపించి రండి అన్నారు. ముక్కు మూసుకుపోయి నోటితోనే గాలి తీసుకుంటుంటే నాలుక అంగిలికి ఆనకుండా కిందే ఉండిపోతుంది, దవడ వెడల్పు చేసినా అలవాటు అలాగే ఉంటే మళ్లీ ఇబ్బంది రావచ్చు అన్నది ఆవిడ లెక్క. ఈఎన్‌టీ డాక్టర్ గారు చూసి ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) కొంచెం ఉన్నాయి, ఆపరేషన్ దాకా అక్కర్లేదు, అలర్జీ ఉంది అని ముక్కులో కొట్టే స్ప్రే ఇచ్చారు.

అన్నట్టు ఈ మధ్య ఎక్స్‌పాండర్ వేస్తే గురక పోతుంది, చదువులో చురుకుదనం వస్తుంది అని కూడా చెప్పి అమ్ముతున్నారు. నేను మేడమ్‌ని సూటిగా అడిగా. ముక్కు లోపల కొంచెం వెడల్పు అయ్యే మాట నిజమే గానీ నేను వేసేది క్రాస్‌బైట్ కోసం, శ్వాస కోసం అని చెప్పి వేయను అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీయించారు, నోరంతా ఒకే ఫిల్ములో వచ్చేది. అందులో పాలపళ్ల కింద రాబోయే పళ్లన్నీ వరసగా కనిపిస్తే మావాడు "అమ్మా నాకు సొరచేప లాగా డబుల్ పళ్లున్నాయి" అని ఒకటే సంబరం. పళ్ల అచ్చు తీసుకున్నారు, మెషీన్ స్కాన్ కాదు, పాత పద్ధతిలో ట్రేలో పేస్టు పెట్టి. వాంతి వచ్చినట్టయింది వాడికి, కానీ అయిపోయింది.

ఇక అసలు వస్తువు. హైరాక్స్ అంటారు, అంగిలి మధ్యలో ఒక స్క్రూ, దాని నుంచి స్టీలు కమ్మీలు అటూ ఇటూ వెళ్లి వెనక దవడపళ్లకి తొడిగిన రింగులకి అతికి ఉంటాయి. ఆ స్క్రూని చిన్న తాళంచెవి లాంటి దానితో మనమే ఇంట్లో తిప్పాలి. ఒక తిప్పుకి దాదాపు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. మాకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చెప్పారు, కొందరికి రోజుకి ఒకటే చెప్తారట. ఇది పళ్లని మాత్రమే నెట్టదు, పై దవడ నిజానికి రెండు ఎముకలు, అంగిలి మధ్యలో అతుకు ఉంటుంది, చిన్నపిల్లల్లో ఆ అతుకు ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి మెల్లగా తెరుచుకుంటుంది, ఆ సందులో కొత్త ఎముక పెరుగుతుంది. పదిహేను పదహారేళ్లు దాటేకొద్దీ అతుకు బిగుసుకుపోతుంది, అప్పుడు అంగిలి ఎముకలో స్క్రూలు బిగించో, ఆపరేషన్ చేసో తెరవాల్సి రావచ్చు. అంటే మొదటి క్లినిక్ వాళ్లు చెప్పిన ఆపరేషన్ మాట గాలిలోంచి పుట్టింది కాదు, కాకపోతే ఎనిమిదేళ్ల పిల్లాడికి "ఈరోజే కట్టండి" అనేంత తొందర అందులో లేదు. ఎనిమిదికీ పదహారుకీ మధ్య ఎంత టైముందో మీరే చూడండి.

తిప్పడం గురించి వివరంగా రాస్తా, ఎందుకంటే నాకు భయమేసింది ఇక్కడే, తెలుగులో ఎక్కడా దొరకలేదు కూడా. పిల్లాణ్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి తల మీ ఒళ్లో పెట్టుకోండి, ఫోన్ టార్చ్ ఇంకొకళ్లు పట్టుకోవాలి. స్క్రూలో చిన్న చిల్లు కనపడుతుంది, అందులో తాళంచెవి పెట్టి ముందుపళ్ల వైపు నుంచి గొంతు వైపుకి నెట్టాలి, వెనక ఇంకో కొత్త చిల్లు పూర్తిగా కనపడేదాకా. సగమే కనపడితే తిప్పు సగమే అయినట్టు, తర్వాతి తిప్పుకి తాళంచెవి పెట్టడానికి చోటు దొరకదు. తీసేటప్పుడు ముందుకి లాగకూడదు, లాగితే మీరు తిప్పింది మీరే వెనక్కి తిప్పేసినట్టు, కాబట్టి గొంతు వైపుకే ఉంచి మెల్లగా కిందికి జార్చాలి. తాళంచెవికి దారం కట్టి ఇచ్చారు, ఆ దారం వేలికి చుట్టుకోండి తప్పనిసరిగా, జారితే నేరుగా గొంతులోకే. మా వారు కొత్తలో చేతులు వణికి నా వల్ల కాదు అన్నారు, తర్వాత ఆయనే ఎక్స్‌పర్ట్ అయిపోయి వాట్సాప్ గ్రూపులో అందరికీ సలహాలు ఇచ్చారు. తిప్పినవి క్యాలెండర్‌లో టిక్ పెట్టుకోండి, పొద్దున నేను తిప్పానా మీరు తిప్పారా అని గొడవ పడే అవసరం ఉండదు.

నొప్పి? తిప్పినప్పుడు ముక్కు మొదట్లో, కళ్ల కింద ఏదో నొక్కినట్టుంది అనేవాడు, కొంచెంసేపటికి పోయేది. నొప్పి అని ఏడ్చింది మొదట్లోనే, అది కూడా నొప్పికంటే నోట్లో ఇంత ఇనుము ఏంటి అని. అసలు కష్టం మింగడం, మాట్లాడడం. లాలాజలం విపరీతంగా ఊరుతుంది, దిండు తడిసిపోతుంది. స, ష, ట, డ పలకవు. తెలుగు పద్యం అప్పజెప్పే పరీక్ష ఉంటే టీచర్‌కి చీటీ రాసి పంపా, పాపం ఆవిడ వాయిదా వేశారు. వారం తిరిగేసరికి నాలుక అలవాటు పడిపోయింది.

తర్వాత ఒక రోజు ముందుపళ్లు రెండింటి మధ్య సందు పడింది. రోజురోజుకీ పెద్దదైంది. మేడమ్ ముందే చెప్పి ఉండకపోతే నేను పరిగెత్తుకెళ్లేదాన్ని, మా అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చూసి "ఉన్న పళ్లు చెడగొట్టారు కదే" అని లబలబలాడింది. కానీ ఆ సందు పడటమే అతుకు తెరుచుకుంటోంది అని గుర్తు. తిప్పడం ఆపాక దానంతట అదే మూసుకుపోయింది, ఏ తీగా వేయలేదు, ఏ రబ్బరూ పెట్టలేదు. కాస్త ఎక్కువే వెడల్పు చేసి ఆపారు, తర్వాత కొంచెం వెనక్కి వస్తుంది కాబట్టి లెక్క పెట్టుకుని చేస్తారట.

తిప్పడం రెండు మూడు వారాల పని. ఆ తర్వాత స్క్రూ కదలకుండా బిగించి నెలల తరబడి అలాగే ఉంచుతారు, లోపల ఎముక గట్టిపడాలి కదా. ఈ భాగమే అసలు విసుగు. ఏమీ జరుగుతున్నట్టు ఉండదు, కానీ అన్నం మెతుకులు మాత్రం రోజూ ఇరుక్కుంటాయి. పాలకూర పప్పు అయితే చెప్పక్కర్లేదు. సూది లేని సిరంజి ఒకటి మెడికల్ షాపులో కొని గోరువెచ్చని నీళ్లతో స్క్రూ కింద కొట్టండి రాత్రి పడుకునే ముందు, బ్రష్ అక్కడికి వెళ్లదు. ఒకట్రెండు రోజులు బద్ధకిస్తే వాసన మొదలవుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి. చూయింగ్ గమ్, జీడీలు, మామిడి తాండ్ర, పల్లీపట్టి బంద్. సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ల అత్తగారు వరంగల్ నుంచి సకినాలు పంపారు, మావాడు వాటిని పాలల్లో నానబెట్టుకుని తిన్నాడు, చూడ్డానికి బాధేసింది గానీ వాడికి ఆ రుచి నచ్చి ఇప్పటికీ అలాగే తింటున్నాడు.

క్లినిక్‌కి ఒక స్టార్ ఎందుకు తగ్గించానో ఇక్కడ చెప్పాలి. ఒక ఆదివారం ఒక పక్క రింగు సిమెంటు ఊడిపోయి కమ్మీ వేలాడింది. క్లినిక్ నంబర్ ఎత్తరు, వాట్సాప్‌లో సోమవారం రండి అని ఆటోమేటిక్ మెసేజ్. బాబు మింగేస్తానేమో అని రాత్రంతా సరిగ్గా పడుకోలేదు. సోమవారం పొద్దున్నే అయిదు నిమిషాల్లో మళ్లీ అతికించారు, డబ్బులు తీసుకోలేదు, అది మంచిదే, కానీ పిల్లల నోట్లో ఇలాంటివి పెట్టే వాళ్లు ఆదివారం పలికే నంబర్ ఒకటి ఇవ్వాలి. శనివారం సాయంత్రం అయితే అపాయింట్‌మెంట్ అనేది మాటవరసకే, గంట కూర్చోవాలి.

ఖర్చు: కన్సల్టేషన్ 500, ఎక్స్‌రే 600, ఎక్స్‌పాండర్ మొత్తం కలిపి 28,000, తీసేశాక రాత్రిళ్లు పెట్టుకునే ప్లేటు 3,000. ప్లేటు స్కూల్లో టిఫిన్ తినేటప్పుడు టిష్యూలో చుట్టి పెట్టి పారేశాడు, రాత్రిళ్లు పెట్టుకునేది స్కూలుకి ఎందుకు తీసుకెళ్లావురా అంటే ఫ్రెండ్స్‌కి చూపిద్దామని. మళ్లీ 3,000. మా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఇవేవీ రాలేదు, పళ్లు సరిచేయించుకోవడం చాలా పాలసీల్లో ఉండదు, ముందే చూసుకోండి. ఖర్చు భారం అనుకుంటే హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, ప్రైవేటు డెంటల్ కాలేజీలు కూడా చాలా జిల్లాల్లో ఉన్నాయి. అక్కడ ఆర్థో డిపార్ట్‌మెంట్‌లో పీజీ స్టూడెంట్లు చేస్తారు, ప్రొఫెసర్లు పక్కనుండి చూస్తారు. బయట క్లినిక్‌లతో పోలిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది, కాకపోతే వర్కింగ్ డేస్‌లో వెళ్లాలి, ఓపిక ఉండాలి.

రిజల్ట్ మాటకొస్తే, క్రాస్‌బైట్ పోయింది. దవడ పక్కకి జరగడం ఆగింది, పై పళ్ల మధ్య గీత కింది పళ్ల మధ్య గీతతో దాదాపు కలిసింది, ఫోటోల్లో గడ్డం తిన్నగా ఉంది (అత్తయ్య మాత్రం తాతగారి పోలిక పోయింది అని దిగులు పడ్డారు). అందుకే అయిదు స్టార్లు.

కానీ ఇది చేయించాం కాబట్టి ఇక క్లిప్పులు అక్కర్లేదు అనుకోకండి. మేడమ్ మొదటి రోజే కాగితం మీద రాసిచ్చారు, ఇప్పుడు చేసేది దవడ కోసం, అన్ని పర్మినెంట్ పళ్లు వచ్చాక పన్నెండు పదమూడేళ్లకి మళ్లీ చూద్దాం, క్లిప్పులు పడొచ్చు పడకపోవచ్చు అని. చిన్నప్పుడే చేస్తే పెద్దయ్యాక ఇంకేం అవసరం ఉండదు అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ గ్యారంటీ రాసిమ్మని అడగండి, వెంటనే మాట మారుతుంది.

ఇప్పుడు మా పాప సంగతి, నాకు ఈ డాక్టర్ మీద గౌరవం పెరిగింది నిజానికి ఇక్కడే. ముందుపళ్లు రెండూ కాస్త విచ్చుకుని మధ్యలో సందు. ఇంట్లో ఒక పార్టీ అదృష్టం అంటుంది, ఇంకో పార్టీ పెళ్లి చూపుల దాకా వెళ్లిపోయింది, ఏడేళ్ల పిల్లకి! మేడమ్ పై పెదవి ఎత్తి చూసి, వేలితో చిగురు పైన తడిమి, ఏమీ చేయక్కర్లేదు, తీసుకెళ్లండి అన్నారు. పైన కోరపళ్లు ఇంకా లోపలే ఉన్నాయి, అవి కిందికి దిగుతూ పక్క పళ్ల వేర్లని నొక్కుతాయి కాబట్టి ముందుపళ్లు విచ్చుకున్నట్టు కనపడతాయి, పదకొండు పన్నెండేళ్లకి కోరపళ్లు వచ్చాక చాలామందిలో ఆ సందు దానంతటదే మూసుకుపోతుంది. దీన్ని అగ్లీ డక్లింగ్ స్టేజ్ అంటారట. అప్పటికీ మిగిలితే అప్పుడు చూద్దాం అన్నారు. పాపకి ఫీజు కూడా తీసుకోలేదు. మొదటి క్లినిక్‌లో అయితే ఇదే పళ్లకి అలైనర్లు వేసేవాళ్లు, సందు మూసుకునేది, అంతా వాళ్ల గొప్పే అనుకునేవాళ్లం.

ఈ సందు విషయంలో ఒక హెచ్చరిక, దయచేసి సీరియస్‌గా తీసుకోండి. ఇన్‌స్టాలో చూసి ఇంట్లోనే చిన్న రబ్బరు బ్యాండు ముందుపళ్లకి వేసేవాళ్లు ఉన్నారు. ఆ రబ్బరు మెల్లగా చిగురు లోపలికి జారిపోతుంది, పైకి కనపడదు, వేరు చుట్టూ ఎముకని తినేస్తుంది, బంగారం లాంటి పళ్లు కదిలి ఊడిపోతాయి. పదిరూపాయల రబ్బరుతో రెండు పర్మినెంట్ పళ్లు పోగొట్టుకుంటారు.

మరి ఎవరికి చిన్నప్పుడే కావాలి, ఎవరు ఆగొచ్చు? నేను డాక్టర్‌ని కాదు, మేడమ్ చెప్పింది, నేను చదివింది కలిపి చెప్తున్నా. మావాడి లాంటి క్రాస్‌బైట్, దవడ జరుగుతుంటే, ఆగకూడదు. కింది దవడ ముందుకొచ్చి కింది పళ్లు పై పళ్లకి బయట పడుతుంటే అసలే ఆగకూడదు. మా ఆడపడుచు వాళ్లు డల్లాస్‌లో ఉంటారు, వాళ్ల చిన్నోడికి అదే సమస్య, నుదుటికీ గడ్డానికీ ఆనించి ముందు కమ్మీకి రబ్బర్లు తగిలించే ఫేస్‌మాస్క్ ఇచ్చారు, రోజుకి పన్నెండు పద్నాలుగు గంటలు, అంటే స్కూలు నుంచి వచ్చాక పెట్టుకుంటే పొద్దున దాకా. అది పదేళ్ల లోపు బాగా పనిచేస్తుంది, ఎదుగుదల అయిపోయాక దానితో లాభం లేదు. అక్కడ ఆర్థోడాంటిస్టుల సంఘమే పిల్లల్ని ఏడేళ్లలోపు ఒకసారి చూపించమంటుంది. చూపించమంటుంది, గమనించండి, వేయించమనట్లేదు. మన దగ్గర ఆ మాటని పట్టుకుని ఏడేళ్లకే మొదలెట్టాలి అని తిప్పి చెప్తున్నారు.

ఎత్తు పళ్లది వేరే కథ. పై పళ్లు ముందుకి బాగా వచ్చిన పిల్లలకి చిన్నప్పుడే ట్రీట్మెంట్ చేసి తర్వాత మళ్లీ చేసినవాళ్లనీ, టీనేజ్‌లో ఒకేసారి చేసినవాళ్లనీ పోల్చి చూస్తే చివరికి పళ్ల తీరు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే అని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ వాళ్ల సమీక్షలో ఉంది. ముందే చేయించుకున్నవాళ్లకి ఉన్న లాభం, ఆటల్లో పడి ముందుపళ్లు విరగ్గొట్టుకోవడం తక్కువ. కాబట్టి మీవాడు రోజూ సైకిల్ మీంచి పడే రకం అయినా, స్కూల్లో పళ్లని ఏడిపిస్తున్నారని వెళ్లనంటున్నా, ముందే చేయించడానికి అర్థం ఉంది. అదేం లేకపోతే దవడ జోరుగా ఎదిగే వయసు దాకా, అంటే ఆడపిల్లలకి కాస్త ముందు, మగపిల్లలకి కాస్త తర్వాత, ఆగి ట్విన్ బ్లాక్ (కింది దవడని ముందుకి తెచ్చే ప్లేట్ల జత) లాంటిది వేయించి ఆ వెంటనే క్లిప్పులకి వెళ్లొచ్చు, ఖర్చూ ఒకసారే, పిల్లాడి ఓపికా ఒకసారే. మా పక్కింటి అక్క వాళ్ల అమ్మాయికి పదకొండు దాకా ఆగమని ఇదే మేడమ్ చెప్పారు.

ఇంకోటి, దీన్ని ఎవరూ ట్రీట్మెంట్ కింద లెక్కేయరు గానీ అన్నిటికంటే చవకైనది. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే కదా, పుచ్చితే పీకించేద్దాం అంటారు పెద్దవాళ్లు. వెనక పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. వాటికి వెనక ఆరేళ్లకి ఒక కొత్త దవడపన్ను వస్తుంది, ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి చాలామంది అది కూడా పాలపన్నే అనుకుంటారు, అది జీవితాంతం ఉండే పన్ను! ముందున్న పాల దవడపన్ను తొందరగా పీకేస్తే ఈ ఆరేళ్ల పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోతుంది, కింద రావాల్సిన పన్నుకి చోటుండదు, వంకర పళ్లు మొదలయ్యేది కొంతమందికి అక్కడే. పీకక తప్పకపోతే ఆ ఖాళీ పట్టి ఉంచే స్పేస్ మెయింటైనర్ వేస్తారు, ఒక రింగు, ఒక తీగ, అంతే. డాక్టర్ పీకి పంపేస్తుంటే మీరే అడగండి.

మాకు తెలిసి వచ్చిన ఇంకో చిన్న సంగతి, ఎప్పుడు వేయించాలి అన్నది. మేం దసరా సెలవుల తర్వాత వేయించాం, స్కూల్లో లాలాజలం కారుతూ, మాట రాక కొంచెం ఇబ్బంది పడ్డాడు. ఎండాకాలం సెలవుల్లో వేయిస్తే ఆ మొదటి వారం ఇంట్లోనే గడిచిపోతుంది. అప్పుడు మామిడిపళ్ల గోల ఉంటుంది అనుకోండి, బంగినపల్లి ముక్కలు కోసి పెట్టండి, ఏం కాదు, రసాలు మాత్రం చీకనివ్వకండి, ఆ పీచు స్క్రూకి చుట్టుకుందంటే సిరంజితో అరగంట కూర్చున్నా రాదు.